తుప్పు తాగే చెయ్యి

పొద్దున్నే షట్టరెత్తి, స్పానర్లు చిన్నదాని పక్కన పెద్దది వరసగా పేర్చి, బెంచీ రెండుసార్లు తుడిస్తేగానీ మెకానిక్ ఎవరితోనూ మాట్లాడడు. అప్పుడు వీధివాళ్ళు ఒకరు కత్తెరా, ఒకరు గేటు మడతబందూ పట్టుకొస్తారు. ఆయన కుడి అరచెయ్యి ఆనిస్తాడు. తుప్పంతా చేతిలోకి దిగిపోతుంది. అలా దిగీ దిగీ మూడు వేళ్ళు ఎప్పుడో బిగుసుకుపోయాయి. మిగిలిన బొటనవేలు, చూపుడువేలుతోనే పనంతా.

ఆ రోజు తమ్ముడి కూతురు స్కూటరు ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకచక్రం తిరగడం లేదు.

"పెదనాన్నా, పార్కింగ్ బ్రేకు పట్టేసింది. పదింటికి ఉత్తరాలు పంచే ఉద్యోగానికి పరీక్ష. సొంత బండి నడిపి చూపించాలి. రెండుసార్లు తప్పాను, ఇదే ఆఖరుది."

"మీ నాన్నేడీ?"

"మలుపులో నిలబడ్డాడు. నువ్వు తిడతావని."

"తిట్టడానికైనా మాట్లాడాలిగా!"

మీట వదిలే ఉంది. వెనకచక్రం బ్రేకు డ్రమ్ము దగ్గర నట్టు వదులు చేసి లాగితే బ్రేకు కేబుల్ సాఫీగా జారింది. స్ప్రింగూ బాగానే ఉంది. కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలేశాడు. చక్రం కదల్లేదు.

"బండి కడిగిందెవరు?"

"నాన్నే, మొన్న. పరీక్షకి తళతళలాడాలని."

"కడిగి, బ్రేకు లాగి పెట్టాడు! తడి బ్రేకు లైనర్లు తుప్పుపట్టి డ్రమ్ముకి అతుక్కోవూ? తొమ్మిదేళ్ళ కింద ఈ షాపులోనే ఇదే పని చేస్తే, ఆ బండాయన నడివీధిలో నన్ను నానా మాటలన్నాడు. మీ నాన్నతో మాటలు మానేసింది అప్పుడే."

"అది తలుచుకుని నాన్న ఇప్పటికీ బాధపడతాడు."

"బాధపడి ఏం నేర్చుకున్నాడు? మళ్ళీ లాగాడుగా!"

తొమ్మిదిన్నరవుతోంది. చక్రం విప్పి లైనర్లు గీకాలంటే గంట పడుతుంది. మెకానిక్ తన రెండు వేళ్ళకేసి చూసుకున్నాడు.

"వద్దు పెదనాన్నా, అవి కూడా పోతే..."

"నోర్మూసుకుని బండి పట్టుకో."

అరచెయ్యి డ్రమ్ముకి ఆనించాడు. మణికట్టు దాకా ఎర్రగా పాకింది. లోపల టక్కుమంది. చక్రం గిర్రున తిరిగింది. రెండు వేళ్ళూ ముడుచుకుని ఇక తెరుచుకోలేదు.

వదులు చేసిన నట్టు బిగించాలి. లేకపోతే బ్రేకు పడదు, పరీక్ష పోతుంది. పిల్ల ముందు కూర్చుని మీట నొక్కుతూ ఉండాలి. వెనక ఒక చెయ్యి డ్రమ్ము మీది బ్రేకు కాడని నొక్కిపట్టాలి, ఒక చెయ్యి నట్టు తిప్పాలి. ఎడంచేత్తో ఒక్కడే ప్రయత్నించాడు. స్పానరు కింద పడింది. ఆయన చేతిలోంచి స్పానరు పడటం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

మలుపు వైపు తిరక్కుండానే అరిచాడు. "ఏరా, స్తంభంలా నిలబడ్డావేం? వచ్చి ఇది పట్టుకో!"

తమ్ముడు పరుగెత్తుకొచ్చి చతికిలబడ్డాడు. బిగించాడు. "చాలా అన్నయ్యా?"

మెకానిక్ పిల్లచేత మీట నొక్కించి, వదిలించి, చక్రం తిప్పించి చూశాడు. "చెయ్యి మొద్దుబారింది నీకు. ఇంకో అరచుట్టు."

పిల్ల వెళ్ళింది. బండి చప్పుడు వీధి చివర వినపడకుండా పోయేదాకా ఇద్దరూ అటే చూశారు. తమ్ముడు స్పానరు తుడిచి అందించబోయాడు.

"నాకెందుకిస్తావ్? ఏ చేత్తో పట్టుకోను?" అన్నాడు మెకానిక్. "నీ దగ్గరే ఉంచుకో."