చల్లారేదాకా ముట్టుకోవద్దు

సింగ్‌నగర్‌లోంచి బుడమేరు వరదనీళ్ళు తీసేశాక డయానా ఇంట్లో మిగిలింది మోకాలెత్తు బురద. ఫ్రిజ్జు వంటింట్లోంచి తేలుకుంటూ వచ్చి హాల్లో అడ్డంగా పడుంది. చెక్క బీరువా తలుపులు ఉబ్బిపోయి ఎంత లాగినా రాలేదు. బురద ఎత్తిపోయించి, వైర్లు మార్పించి, గోడలు ఆరేదాకా ఎక్కడ తలదాచుకోవాలా అని మొగుడూ పెళ్ళాం ఆలోచిస్తుంటే డయానా భర్త యేసుకుమార్ చెల్లెలు బ్లెస్సీ ఫోన్ చేసింది. తమ ఫ్లాటులో ఓ గది ఊరికే పడుంది కదా, అమ్మనీ పిల్లనీ తీసుకుని వచ్చెయ్యమంది. అడక్కముందే పిలిచినందుకు డయానాకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ పిల్ల మనసు మంచిదని ఆటోలో వెళ్తున్నంతసేపూ చెప్పింది.

మర్నాడు పొద్దున టీ పెట్టబోయేదాకా ఆ మాటమీదే ఉంది.

బ్లెస్సీ బ్యాంకులో పనిచేస్తుంది. భర్త సొలొమోను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇంజనీరు. కానూరులో నాలుగో అంతస్తులో కొత్త ఫ్లాటు. వంటింట్లో గ్యాసు లేదు. గట్టులోకి దించిన నల్ల అద్దం పలక ఒకటుంది. అదే పొయ్యి. సిరామిక్‌ది. స్విచ్చి తిప్పితే అద్దం కింద ఎర్రగా తీగచుట్ట వెలుగుతుంది. ఆపేసినా వేడి పోయేదాకా పక్కన చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది.

డయానా పాలగిన్నె పొయ్యి మీద పెట్టబోతుంటే బ్లెస్సీ వచ్చి పక్కన నిలబడింది. గిన్నె అడుగు తుడిచి పెట్టాలట. పెట్టాక జరపకూడదట, ఎత్తి పక్కన పెట్టాలట. అడుగు గుండ్రంగా ఉన్నవి పనికిరావు. స్టీలు పీచూ, గిన్నెలు తోమే పౌడరూ దాని దరిదాపుల్లోకి రాకూడదు. ఏదైనా ఒలికితే ఎర్రదీపం ఆరేదాకా ఆగి, తెల్ల క్రీము రెండు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దాలి. అంటుకుపోయిన మరకైతే బ్లేడుని ఏటవాలుగా పట్టి గీకాలి. ఇదంతా చెప్పి బ్లెస్సీ నవ్వుతూ అంది. "ఒక్కటి గుర్తుపెట్టుకో వదినా. చల్లారేదాకా ముట్టుకోవద్దు. మిగతావి అవే వస్తాయి."

డయానా స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒకసారి చెబితే చాలు, ఆమెకి మళ్ళీ చెప్పక్కర్లేదు. ఎవరింట్లో ఉంటే వాళ్ళ పద్ధతి పాటించాలనీ ఆమెకి తెలుసు. చిక్కల్లా అత్తగారితోనే.

శౌరమ్మకి మంట కనపడని పొయ్యి మీద నమ్మకం కుదరలేదు. కూర ఉడుకుతోందో లేదో తెలియక గరిటె పెట్టి కలిపినదే కలిపేది. కలిపినప్పుడల్లా గిన్నె అద్దం మీద గిర్రున తిరిగేది. బురదలోంచి బయటపడ్డవాటిలో ఆవిడ ముచ్చటపడి తెచ్చుకున్నది పాత అల్యూమినియం డేగిసా ఒకటి. అది పెట్టినచోటల్లా పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు చారలు. చేపలపులుసు పొంగితే చీరచెంగుతో తుడిచేసేది, అదీ వేడిమీదే. డయానా స్కూలు నుంచి వచ్చేసరికి పొయ్యి మీద ఎండిన చింతపండు పులుసు వలయాలు కనిపించేవి. చీర మార్చుకోకుండానే క్రీమూ గుడ్డా తీసుకుని నిలబడేది. నీళ్ళ మరకలు పోకపోతే వంటసోడా చల్లి, మీద వెనిగర్లో తడిపిన గుడ్డ పరిచి, ఆ పావుగంటలో పిల్ల కెజియా చేత హోంవర్కు చేయించేది. అంతా తుడిచి అద్దంలో తన మొహం కనపడ్డాక ఊపిరి పీల్చుకునేది.

అయినా బ్లెస్సీకి ఏదో ఒకటి దొరికేది. బ్యాంకు నుంచి రాగానే చెప్పులు విడిచి, బ్యాగు భుజాన ఉండగానే వంటింట్లోకి నడిచేది. వంగి, వెలుతురుకి ఎదురుగా కన్నుపెట్టి చూసేది. చూసి, "వదినా, ఒకసారి ఇలా వస్తావా" అని ఎంతో మర్యాదగా పిలిచేది.

ఆ పిలుపు వింటే చాలు, డయానాకి ఒళ్ళు మండిపోయేది. వండిన మనిషి హాల్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటుంది. కూతురు ఆవిడ ముందునుంచే నడిచొస్తుంది, అమ్మా అన్నం తిన్నావా అని అడుగుతుంది, వచ్చి కోడల్ని నిలబెట్టి పాఠం చెబుతుంది. డేగిసా అడుగు అంచులో ఇరుక్కున్న ఇసుకరేణువు ఒకటి అద్దం మీద వెంట్రుకంత గీత గీసిన రోజున ఈ పాఠం మరీ సాగింది. బుడమేరు ఇసుక తన ఇంటిని నాశనం చేసింది చాలక ఆడపడుచు ఇంటి పొయ్యి మీదికి కూడా వచ్చిందా అనుకుంది డయానా. తను కాదని చెప్పబోయి నోరు నొక్కుకుంది. అత్తగారి మీద చాడీ చెప్పినట్టవుతుంది. పైగా ఉంటున్నది వాళ్ళింట్లో.

యేసుకుమార్ రోజూ ఆఫీసయ్యాక సింగ్‌నగర్ వెళ్ళి ఇంట్లో బురద కడిగి, నడుం పట్టుకుని వచ్చేవాడు. అతనితో చెబితే, చిన్నపిల్ల, వదిలెయ్యమనేవాడు. వదిలెయ్యడానికి తన దగ్గర ఇంకేం మిగిలిందని డయానా అటు తిరిగి పడుకునేది.

ఓ శనివారం డయానా స్కూలుకి సెలవిచ్చారు. అంతకుముందు రోజే శౌరమ్మ తమ్ముడు శౌరయ్య ఉయ్యూరు నుంచి వచ్చి, వరదలో అంతా పోగొట్టుకున్న అక్కకి పళ్ళతో పాటు రెండు అచ్చుల కొత్తబెల్లం ఇచ్చివెళ్ళాడు. మనవరాలికి వేరుశనగ ఉండలు చేస్తానని శౌరమ్మ బెల్లం పాకం పెట్టింది. డయానా బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే మాడువాసన వచ్చింది. పరుగెత్తుకొచ్చేసరికి పాకం గిన్నె అంచుదాటి పొంగి, ఎర్రబడ్డ అద్దం మీద బుసబుసమని నల్లబడుతోంది. శౌరమ్మ చెంగు చేతికి చుట్టుకుని తుడవబోతోంది.

డయానా ఆవిడ చెయ్యి పట్టి ఆపింది. స్విచ్చి ఆపి, గిన్నె ఎత్తి పక్కన పెట్టింది. పాకం అప్పటికింకా మెత్తగానే ఉంది. బ్లేడు పక్కనే సొరుగులో ఉంది. ఇప్పుడే గీకేస్తే వచ్చేస్తుందేమో అనిపించింది ఆమెకి. కాని వేడిమీద చెయ్యిపెట్టినందుకు తర్వాత ఎవరు పాఠం వింటారు? బ్లెస్సీకి ఫోన్ చేసి, పాకం పొంగింది, వెంటనే గీకమంటావా అని అడిగింది. బ్యాంకులో ఏదో రద్దీగా ఉన్నట్టుంది. బ్లెస్సీ విసుగ్గా, "ఎన్నిసార్లు చెప్పాలి వదినా, చల్లారేదాకా ముట్టుకోవద్దు. నేను వచ్చి చూస్తాను" అని పెట్టేసింది.

సరే, ముట్టుకోలేదు. ఎర్రదీపం ఆరింది. పాకం చల్లారి గాజులా బిగిసింది. డయానా ఆ రోజంతా దాని జోలికి వెళ్ళలేదు. మధ్యాహ్నం పొయ్యి రెండో వైపు పప్పు మాత్రం ఉడికించి, కెజియాని పక్కన పెట్టుకుని తినేసింది.

సాయంత్రం బ్లెస్సీ వచ్చి బ్లేడు తీసుకుంది. క్రీము వేసింది, నానబెట్టింది, ఏటవాలుగా పట్టి గీకింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా గీకింది. చిటుక్కుమంది. నల్లటి పాకం ముక్కతో పాటు పెసరగింజంత అద్దం పెచ్చు లేచొచ్చింది.

బ్లెస్సీ ఆ పెచ్చుని అరచేతిలో పెట్టుకుని హాల్లోకి వచ్చి, తల్లి ముందునుంచే నడిచి, డయానా దగ్గర ఆగింది.

"ఇంటికొచ్చినవాళ్ళని నేనేమీ అనకూడదు వదినా. కాని ఒక్క వస్తువు, ఒక్క వస్తువు జాగ్రత్తగా చూడమన్నాను."

డయానా మడతపెడుతున్న దుప్పటిని సోఫా మీద పడేసింది. ఆమె గొంతు పెద్దదేమీ కాలేదు. క్లాసులో వెనకబెంచీ వాళ్ళకి వినపడేలా చెప్పడం అలవాటు, అంతే.

"గీకనా అని నిన్నే అడిగాను బ్లెస్సీ. వద్దన్నావు, మానేశాను. ఇన్నాళ్ళుగా నువ్వు చూపించిన మరకల్లో నావి ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. తెలిసే నన్ను పిలుస్తున్నావు. మీ అమ్మ ఇక్కడే కూర్చునుంది. ఆవిడకి నువ్వే చెప్పుకో. ఇకమీద నాకు చెప్పకు."

టీవీలో ఎవరో నవ్వుతున్నారు. సొలొమోను డ్యూటీ దిగి అప్పుడే లోపలికొచ్చి, చేతిలో హెల్మెట్‌తో గుమ్మంలోనే నిలబడిపోయాడు. విషయం తెలుసుకుని, ఏం చెయ్యాలో తోచక పొయ్యి కొన్న షాపుకి ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు చెప్పింది విని అతని మొహం అదోలా అయింది. పంచదారా బెల్లం ఒలికితే మాత్రం చల్లారనివ్వకూడదట. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, వేడిమీదే బ్లేడుతో గీకెయ్యాలట. బిగిస్తే అద్దాన్ని పట్టుకుని లేస్తుందట. ఆ మాట కొన్నప్పుడే చెప్పామన్నారట.

"నాకేం తెలుసు?" అంది బ్లెస్సీ. "దానిమీద నేనెప్పుడు పాకం పెట్టాను? అసలు నేనెప్పుడు వండాను?"

నిజమే. వాళ్ళిద్దరూ బయటనుంచి తెప్పించుకునేవారు. ఆ పొయ్యి మీద గృహప్రవేశం రోజున పాలు పొంగించాక, ఎప్పుడన్నా నూడుల్స్ ఉడికించారు. అంతే.

అప్పుడు శౌరమ్మ రిమోట్ తీసి టీవీ కట్టేసింది.

"డయానాని ఎందుకంటావే? పాకం పెట్టింది నేను. గీతలు పెట్టింది నేను. నువ్వు దాన్ని పిలిచినప్పుడల్లా నాకు వినపడుతూనే ఉంది. నన్ను పిలుస్తావేమోనని చూశాను. నాకేం చెప్పినా ఎక్కదనుకున్నావు. ముసలిదాన్ని వదిలేశావు."

ఆ తర్వాత తల్లీకూతుళ్ళు వాదనకి దిగారు. పొయ్యితో మొదలైన గొడవ ఎక్కడెక్కడికో పోయింది. తన పెళ్ళయినప్పటినుంచి అమ్మ పట్టుమని రెండ్రోజులు తన ఇంట్లో ఉండలేదని బ్లెస్సీ అంది. కూతురింట్లో ఏ మొహం పెట్టుకుని ఉంటానని శౌరమ్మ అంది. అన్నయ్య ఇల్లయితే ఇల్లూ, నాదైతే కాదా అని బ్లెస్సీ ఏడ్చింది. డయానాకి మధ్యలో మాట్లాడాలనిపించలేదు. కెజియాని తీసుకుని కిందికి దిగి, వీధి చివర బండి దగ్గర పునుగులు కొనిపెట్టి, తనూ తింది. తిరిగొచ్చేసరికి శౌరమ్మ మోకాళ్ళకి కూతురు కొబ్బరినూనె రాస్తోంది, ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. డయానాకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. బ్లెస్సీ మాత్రం ఆమెకి కంచంలో అన్నం పెట్టి, పెరుగు కూడా తనే వేసింది.

ఇల్లు పూర్తిగా ఆరకపోయినా వెళ్ళిపోదామని ఆ రాత్రే డయానా భర్తతో చెప్పింది. యేసుకుమార్ ఎదురు చెప్పలేదు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆటో పిలిచారు. మూటలన్నీ దించాక శౌరమ్మ సంచీ ఒక్కటే గదిలో ఉండిపోయింది.

తను కొన్నాళ్ళు ఇక్కడే ఉంటానంది ఆవిడ. సింగ్‌నగర్ ఇంట్లో ఆ చెమ్మకి మోకాళ్ళు పట్టేస్తాయట. అద్దం పలక మార్చే మనిషి వచ్చేవారం వస్తాడు, అతనొచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలట. బ్లెస్సీ తల్లి పక్కనే నిలబడి అవునన్నట్టు తల ఊపింది. వదినా, నువ్వేమీ అనుకోవుగా అని మెల్లగా అడిగింది.

ఏమీ అనుకోనంది డయానా. ఆటో బందరు రోడ్డెక్కింది. ఇన్నాళ్ళకి తన వంటిల్లు తనదవుతుందని మొదట హాయిగానే అనిపించింది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడ్డాక గుర్తొచ్చింది, స్కూలు బస్సు కెజియాని దింపేసరికి ఇంట్లో ఎవరూ ఉండరని. రోజూ ఆ వేళకి గుమ్మంలో నిలబడేది అత్తగారే. అడగాల్సింది ముందే అడగలేదు, ఇప్పుడు ఆటో తిప్పమనడానికి మొహం చెల్లదు.

"ఏమైంది?" అన్నాడు యేసుకుమార్.

"ఏం కాలేదు" అంది డయానా. పక్కింటి సంపూర్ణమ్మగారు తిరిగొచ్చి ఉంటే ఆవిణ్ణి అడగాలి అనుకుంటూ, విసుగ్గా, కొత్త అద్దం మీద వద్దని అత్తగారు తనతో పంపేసిన డేగిసా ఒళ్ళోంచి పడిపోకుండా రెండు చేతులా పట్టుకుంది.