ఆడవాళ్ళ చుట్టుకి గంట

పందెం గంట నిజానికి లారీ బ్రేకు డ్రమ్ము. షెడ్డు మూల తుప్పు పట్టి పడి ఉన్నదాన్ని లేత్ పనివాడు మిషనుకెక్కించి, అంచు చెక్కి, ఇనప చట్రానికి వేలాడదీశాడు. బోల్టుతో కొడితే మార్కెట్ మలుపు దాకా వినిపిస్తుంది. చేసినవాడే కొట్టాలన్నారు. అప్పటి నుంచి సైకిల్ పందెం రోజున చుట్టు మొదలయ్యే తెల్లగీత పక్కన నిలబడేది అతనే. ఊళ్ళో అతని అసలు పేరు మరిచిపోయారు. చిన్నా పెద్దా అందరికీ గంటాయన.

ఆ గంటకు ఒకటే అర్థం. ఏ దుకాణదారో ముందుకొచ్చి ఒక చుట్టుకు డబ్బు పెడతాడు. పందెగాళ్ళు గీత దాటేటప్పుడు గంట మోగుతుంది. అక్కడి నుంచి ఆ ఒక్క చుట్టు ఎవడు ముందు తిరిగొస్తే వాడికి ఆ డబ్బు. పందెం చివర్లో ఎవరు గెలిచినా దీనికి సంబంధం లేదు. ఆఖరి చుట్టుకు గంట కొట్టరు, జెండా ఊపుతారు.

గంట మగవాళ్ళకే మోగేది. ఆడవాళ్ళ పందెమూ ఆ రోడ్డు మీదే, ఆ పొద్దునే. మగవాళ్ళు బయల్దేరిన కాసేపటికి వాళ్ళను వదులుతారు. వాళ్ళ చుట్టుకు డబ్బు పెట్టే దుకాణదారు ఇంకా పుట్టలేదు. గంట వినపడిందంటే వెనక నుంచి మగవాళ్ళ గుంపు డబ్బు కోసం దూసుకొస్తోందని వాళ్ళకు తెలుసు. పక్కకు తప్పుకొని దారి ఇచ్చేవాళ్ళు.

గంటాయన భార్య అలా ఎన్నోసార్లు తప్పుకుంది. తెల్లారకముందే సైకిల్ మీద ఇంటింటికీ పాల ప్యాకెట్లు వేసే మనిషి. ఆ కాళ్ళకు అలుపు తెలియదు. పందెంలో దిగిన ఏడల్లా గెలిచింది. గెలిచిన ఏడల్లా ఫ్లాస్కు ఇచ్చారు. మొదటొచ్చిన మగవాడికి కవర్లో డబ్బు, మొదటొచ్చిన ఆడమనిషికి ఫ్లాస్కు. కమిటీ అధ్యక్షుడికి కలప డిపో ఉంది. మైకు ఆయన చేతికిస్తే ఏటా అదే మాట.

"డబ్బయితే ఖర్చయిపోతుందమ్మా. వస్తువైతే ఇంట్లో పడుంటుంది."

పడే ఉన్నాయి, వంటింటి అటక మీద, వరసగా. మూత తీసిన పాపాన పోలేదు.

"ఇంకో రెండేళ్ళు గెలిస్తే ఫ్లాస్కుల కొట్టు పెట్టుకోవచ్చయ్యా," అనేది ఆమె, పందెం అయ్యాక కాళ్ళు వేణ్ణీళ్ళ టబ్బులో పెట్టుకొని. నవ్వు ఆగాక గొంతు మారేది. "డబ్బు సంగతి అలా ఉంచు. ఆ గంట ఒక్కసారి నా కోసం మోగితే వినాలనుంది. సైకిల్ మీదుండి వింటే ఎలా ఉంటుందో ఏమో."

అతను ఊరుకోలేదు. టైర్ల దుకాణం పైన కమిటీ గది. రబ్బరు వాసనలో నిలబడి ఏటా అడిగాడు.

"ఆడవాళ్ళ చుట్టుకు గంటా?" అన్నాడు అధ్యక్షుడు. "డబ్బెవడు పెడతాడయ్యా?"

"నేను పెడతాను."

"నువ్వు పెట్టి, మీ ఆవిడ గెలిస్తే, దాన్ని పందెం అంటారా, సంసారం అంటారా?"

గదంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో గంటాయనకు ఇప్పటికీ గుర్తే. వాళ్ళలో ఒకడు ఈ మధ్యే పోయాడు. చూడటానికి వెళ్ళలేదు.

భార్య జ్వరంతో పోయింది. మంచమెక్కిన వారానికే ఇల్లు ఖాళీ అయింది. ఆ తర్వాత జరిగిన పందెంలో మందుల షాపాయన ఒక చుట్టుకు డబ్బు పెడతానని గంట కొట్టించి, తీరా ఇచ్చేవేళకు షట్టర్ దించుకొని మాయమయ్యాడు. గెలిచినవాడు రోడ్డు మీద సైకిల్ అడ్డం పడేసి కూర్చున్నాడు. గొడవ ముదిరింది. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"ఇక మీదట గంట మోగిందంటే డబ్బు ఖాయం. పెట్టినవాడు ఎగ్గొడితే కమిటీ ఇస్తుంది. గంటంటే మా మాట!"

జనం చప్పట్లు కొట్టారు. గంటాయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆ మాట ఒక్క ఏడాది ముందు అని ఉంటే ఈయన డిపోలో కర్రలేమైనా తరిగిపోయేవా అనుకున్నాడు.

ఈ ఏడు భార్య సైకిల్ మళ్ళీ పందేనికి వెళ్తోంది. ఆమె తమ్ముడి కూతురు తొక్కుతానంది. నోరూ కాళ్ళూ రెండూ చురుకే, పిడుగని పిలుస్తారు. పందెం ముందు రోజు సాయంత్రం షెడ్డు గుమ్మంలో సైకిల్ తలకిందులుగా పెట్టి గొలుసుకు నూనె వేస్తున్నాడు.

"సీటు దించాలా?"

"వద్దు మావయ్యా. అత్త ఎత్తే నాకు సరిపోయింది. ఆ హ్యాండిల్ గ్రిప్పులు మాత్రం మార్చు. అరిగి నున్నగా అయిపోయాయి."

"అవి మార్చను."

పిల్ల అతని మొహం చూసి ఇంక ఆ ఊసెత్తలేదు. "ఈసారి ఫ్లాస్కు కాదట, తెలుసా? ఇస్త్రీ పెట్టె. మనం ఎదిగిపోతున్నాం మావయ్యా."

"మగవాళ్ళకో?"

"పోయినేటి కంటే పెంచారట. వాళ్ళ బట్టలు ఎవరో ఒకరు ఇస్త్రీ చేయాలిగా, అందుకని మనకది."

అతను నవ్వలేదు. చక్రం తిప్పి వదిలాడు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. అది ఆగేలోపు రేపేం చేయాలో నిశ్చయించుకున్నాడు. పిల్లకు చెప్పలేదు. చెబితే, మేనకోడలి కోసం కొట్టాడంటారు. అప్పుడు సంసారం అన్నారు, ఇప్పుడు చుట్టరికం అంటారు. ఆ సందు వాళ్ళకు ఇవ్వదలచుకోలేదు.

పొద్దున ఎండ ఎక్కకముందే రోడ్డుకు తాళ్ళు కట్టారు. మగవాళ్ళకు అప్పుడే రెండుసార్లు గంట మోగింది, బట్టల షాపుది ఒకటి, సెల్‌ఫోన్ల షాపుది ఒకటి. రెండుసార్లూ ఆడవాళ్ళు బుద్ధిగా పక్కకు జరిగి దారి ఇచ్చారు. గంటాయన కళ్ళు మార్కెట్ మలుపు మీదే ఉన్నాయి. మగవాళ్ళ గుంపు గీత దాటి చెరకు లారీలు ఆగే రోడ్డు వైపు వెళ్ళిపోయింది. చుట్టులో అటు చివరకు చేరినట్టే. మలుపులో ఆడవాళ్ళు కనపడ్డారు. ముందు పిడుగు, దాని వెనక నలుగురైదుగురు. అందరికంటే వెనక దర్జీ. జాకెట్లు కుట్టే మనిషి, నడివయసు దాటింది. అతని భార్య ఉన్నన్నాళ్ళూ ఏటా రెండో స్థానం ఆవిడదే. రెండో స్థానానికి ఫ్లాస్కు కూడా లేదు.

పిడుగు ముందు చక్రం గీత మీదికి రాగానే గంటాయన బోల్టు ఎత్తి బలంకొద్దీ కొట్టాడు.

అప్పుడు జరిగింది అతను కలలో కూడా అనుకోలేదు. ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. పిడుగు అందరికంటే ముందు తప్పుకుంది. బ్రేకు నొక్కి, వెనక్కి తిరిగి, రాని మగవాళ్ళ కోసం చూస్తోంది. మిగతావాళ్ళూ ఆమె వెనకే వరసగా దారి వదిలారు. ఖాళీ రోడ్డు తప్ప వెనక ఏమీ లేదు.

గంటాయన బోల్టు ఎత్తాడు. మళ్ళీ కొట్టాడు. గొంతు చించుకున్నాడు. "మీకే! గంట మీకేనే తల్లీ!"

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది ఒక్క దర్జీకే. అందరి వెనక ఉన్న ఆవిడ గంటాయన వంక ఒక్క చూపు చూసింది. సీటు మీంచి లేచింది. పెడల్ మీద నిలబడి, ఆగిన పిల్లలందరినీ దాటి, రోడ్డు నడిమధ్యన పోయింది.

"అమ్మో, దర్జీ పిన్ని!" అని ఎవరో అరిచాక మిగతావాళ్ళు కదిలారు. చుట్టంతా తరుముతూనే ఉన్నారు. తిరిగి మలుపులో కనపడేసరికి పిడుగు ఆవిడ వెనక చక్రానికి అంటుకుపోయి ఉంది. తాళ్ళు తెంపుకునేలా జనం ముందుకు తోసుకొచ్చారు. గీత దగ్గర దర్జీ అరచక్రం ముందుంది. దాటి, పక్కకు పోయి, సైకిల్‌తో సహా అరుగు మీద కూలబడింది. పందెం పూర్తి చేసే శక్తి ఇక లేదు. చివరికి పందెం పిడుగే గెలిచింది, ఇస్త్రీ పెట్టె తీసుకుంది.

అధ్యక్షుడు కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ఏమయ్యా, మతి పోయిందా? ఎవడు పెట్టాడు దానికి డబ్బు?"

"ఎవరూ పెట్టలేదు."

"మరి?"

"గంటంటే మీ మాట అన్నారుగా. మోగింది."

"అది మగవాళ్ళ సంగతయ్యా!"

"మైకులో ఆ ముక్క అనలేదు."

తాడు అవతల జనం చెవులు నిక్కబొడుచుకొని వింటున్నారు. "ఇచ్చేయండి సార్, మాట మాటే!" అన్నాడొకడు. "ఇస్త్రీ పెట్టె ఇస్తారేమో," అన్నది ఒకావిడ. అందరూ నవ్వారు. ఈసారి నవ్వు అధ్యక్షుడి వైపు తిరిగింది. ఆయన మొహం గంటు పెట్టుకొని కవరు తెప్పించాడు. మగవాళ్ళ చుట్టుకు ఎంతో అంతే. దర్జీ చేతిలో పెట్టి, గంటాయన ముందు చెయ్యి చాచాడు.

"బోల్టు ఇటివ్వు. వచ్చే ఏటికి వేరే మనిషిని చూసుకుంటాం."

గంటాయన ఇచ్చేశాడు. క్షమించలేదు.

మధ్యాహ్నానికి రోడ్డు ఖాళీ అయింది. తాళ్ళు విప్పుతున్నారు. దర్జీ కవరు ఒళ్ళో పెట్టుకొని ఇంకా అరుగు మీదే ఉంది.

"వదిన ఉండుంటే నాకు దక్కనిచ్చేదా అన్నయ్యా?"

"ఇచ్చేది కాదు."

"అదీ నిజమే."

గంటాయన ఆవిడ పక్కన కూర్చున్నాడు. తర్వాత అతను అడగలేక అడిగాడు. "సైకిల్ మీదుండి వింటే ఎలా ఉందమ్మా?"

దర్జీ ఆలోచించింది. చేతులు తిప్పింది. "ఏం చెప్పను? అది చెబితే తెలిసేది కాదు."

పిడుగు ఇస్త్రీ పెట్టె చంకలో పెట్టుకొని సైకిల్ నడిపించుకొస్తోంది. గంటాయన ఎదురెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాడు. అరిగిన గ్రిప్పుల్లో అతని వేళ్ళు పట్టలేదు. అవి చిన్న చేతులకు అరిగినవి.

"మావయ్యా, నువ్వా? పడతావు!"

"పడితే లేస్తాను. నా సంచిలో స్పానర్ ఉంది, దర్జీ పిన్నికివ్వు."

మలుపు దాకా వెళ్ళి తిరిగాడు. సీటు ఎత్తు అతనికి కుదరలేదు, మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతున్నాయి. తాళ్ళు విప్పేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. అతను ఎవర్నీ చూడలేదు. తెల్లగీత దగ్గరపడింది. దర్జీ గంట దగ్గర స్పానర్ ఎత్తింది.

గంట మోగింది. అతను పక్కకు తప్పుకోలేదు.