సందులో పూడ్చిన ఉప్పు, బొగ్గు

వీరభద్రప్ప నాకు పెదనాన్న కొడుకు. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది నా వాటాకు వచ్చిన ఒక సందు, ఆ సందుకు అటువైపు ఆయన గోడ. ఆయన నా ఇంట్లో దొంగతనం చేసి ఉంటే నేనింత కుమిలేవాణ్ణి కాదు, కేసు పెట్టి ఊరుకునేవాణ్ణి. ఆ మహానుభావుడు నా ఇంటి కరెంటుకు పూడ్చిన ఎర్తు పైపు పీకి కాలువలో పారేసి, ఊరికి మేలు చేసినట్టు అక్కడ పసుపునీళ్లు చల్లి వచ్చాడు. ఈ మాట స్టేషన్లో చెబితే పోలీసులు రాసుకునే ముందు నవ్వుతారు.

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో ఒక గుంట మగ్గం, కండెలు చుట్టే మోటారు ఒకటి. మగ్గం మీద నేను, మోటారు దగ్గర నా భార్య జయమ్మ. పోయిన ఎండాకాలం ఆ మోటారు ఇనుప స్టాండు తాకితే జిల్లుమంటోందని జయమ్మ చెప్పింది. వచ్చినవాళ్లంతా తాకి చూసి, "అవునక్కా, జిల్లుమంటాంది" అని తల ఊపి, టీ తాగి పోయారు. మా వీధిలో జిల్లుమనడం ఒక లెక్కలోది కాదు. చెప్పులు తొడుక్కోమంటారు, అంతే.

ఆదోని నుంచి రామాంజి అనే వైరింగ్ మనిషిని పిలిపించాను. అతను గోడలోని ప్లగ్గు బోర్డు విప్పి, నన్ను రమ్మని చూపించాడు.

"మూడో రంధ్రం ఉత్తదే గదన్నా ఇది. ఎనకాల తీగే లేదు."

"లేకపోయినా మోటారు తిరుగుతాంది గదప్పా?"

"తిరుగుతాది. తిరిగేదానికి కాదన్నా అది ఉండేది. లోపల తీగ తోలు అరిగి ఇనుముకు తగిలిందనుకో, కరెంటు భూమిలోకి పోయే దారి ఎతుక్కుంటాది. నువ్వు తీగేసి దారి సూపిస్తే అట్ల పోతాది, ఫీజు ఎగిరిపోతాది. సూపిచ్చలేదనుకో, అక్క ఒంట్లోనుంచి పోతాది."

నేను ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నాకే ఒక్కసారికి అర్థమైంది. అందులో అర్థం కాకపోవడానికి ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

కరెంటును భూమిలోకి దించే ఆ ఎర్తుకు తడి ఆరని చోటు కావాలి. మా ఇంటి ముందంతా బండ. స్నానాల నీళ్లు పోయే సందు ఒక్కటే మెత్తగా ఉంటుంది. అక్కడ లోతుగా గుంత తవ్వి, పైపు దించి, తడి నిలవడానికి చుట్టూ ఒక వరుస ఉప్పు, ఒక వరుస బొగ్గు వేసి పూడ్చాలి. పైపు నుంచి ఒక పచ్చ తీగ ఇంట్లోకి తేవాలి. పని ఇంతే.

మా నేతగాళ్లకు మగ్గం ఆగేది అమావాస్యనాడు. కరెంటు తీసేసి, మోటారు విప్పుకుని కూర్చునే తీరిక ఇంకే రోజు దొరుకుతుంది? కాబట్టి ఆ పని అమావాస్యనాడే పెట్టుకున్నాను. ఊరు కాని ఊరి రామాంజి మా అన్న గోడ పక్కన గుంతలోకి దిగి ఉప్పూ బొగ్గూ పోస్తుంటే, మా వదిన ఎల్లమ్మ గోడ మీదుగా చూసింది.

"ఏం నాటుతాండావు శేషప్పా?"

"ఎర్తు వదినా."

"ఏం కాయ కాస్తాది అది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ నెలలోనే వాళ్ల మేక చచ్చింది. వాళ్ల మగ్గం మీద పడుగు పోగులు ఊరికే తెగసాగాయి. ఎండకు నూలు ఎండితే తెగదా? వీరభద్రప్ప మాత్రం వదినను వెంటబెట్టుకుని హాలహర్వి దగ్గర ఎవరో సోది చెప్పేవాడి దగ్గరికి పోయాడు. గోడ నీడలో నల్లదీ తెల్లదీ కలిపి చెడుపు పూడ్చారని అతను చెప్పాడట. మా వదిన వాడి గడపలోనే మొత్తం కక్కి ఉంటుంది. లేకపోతే ఎక్కడో కూర్చున్నవాడికి మా సందు సంగతి ఎలా తెలుస్తుంది?

మేము నందవరం పెళ్లికి పోయిన రోజున అన్న గుంత తవ్వి, పచ్చ తీగ కోసి, పైపు లాగేసి, మట్టి మళ్లీ చదునుగా తొక్కాడు. తిరిగొచ్చాక మాకేమీ తెలియలేదు. బల్బు వెలుగుతోంది, మోటారు తిరుగుతోంది. ఎర్తు పోతే ఇంట్లో ఏదీ ఆగదు. దాని దరిద్రమే అది.

ఒక మధ్యాహ్నం జయమ్మ నూలు తడిపి, ఆ తడి చేత్తోనే స్టాండు పట్టుకుని వంగింది. నేను మగ్గంలో ఉండి కండె అడిగాను. పలకలేదు. తలెత్తి చూస్తే వేళ్లు ఇనుముకు బిగుసుకుపోయి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. గుంటలోంచి ఎలా ఎగిరానో, గోడ దగ్గర స్విచ్చి ఎలా ఆపానో తెలియదు. ఆమె అలాగే పక్కకు ఒరిగిపోయింది.

బతికింది. అరచెయ్యి కాలింది. రెండు వేళ్లకు ఇప్పటికీ పోగు పట్టు తెలియదు.

"ఎర్తు పెట్టిచ్చినానంటివే, ఇదేనా?" అని ఆసుపత్రి మంచం మీది నుంచి అడిగింది. నేను బయటికి వచ్చి రామాంజికి కబురు పెట్టాను.

రామాంజి వచ్చి పచ్చ తీగ వెంట సందులోకి పోయాడు. తెగిన కొస చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. అంతలో గోడ మీద మా వదిన తల లేచింది.

"తవ్వొద్దప్పా, ఆడేం లేదు. మేమే తీసేసినాం."

నేను వీరభద్రప్ప గడప ముందుకు పోయాను.

"అన్నా, నా పైపు యాడ?"

"కాలవలో."

"ఎందుకు తీసినావు?"

"నా మేక ఎందుకు సచ్చె?"

"మేకకూ పైపుకూ ఏం సంబంధమన్నా?"

"అది నువ్వు సెప్పల్ల. అమావాస్యనాడు పూడ్సినోడివి నువ్వు."

"మగ్గం ఆగేది ఆ పొద్దే గదన్నా! నీ మగ్గం గూడ ఆ పొద్దే గదా ఆగేది! జయమ్మ సచ్చి బతికింది తెలుసునా నీకు?"

"సూసినావా మరి? పెట్టినోళ్ల మీదికే తిరగబడింది."

గోడకు తల కొట్టుకోవాలనిపించింది. అదీ ఆయన గోడే.

రామాంజి లోపలికి పోయి, వాళ్ల ఇనుప కూలరుకు టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది. "మీ ఇంట్లో గూడ ఎర్తు లేదన్నా. ఈ పొద్దు అక్కకైంది, రేపు మీకైతాది" అన్నాడు.

వీరభద్రప్ప ఆ వెలుగు కేసి భయంగా చూసి, "పీకేసినంక గూడ ఇంగా ఎలుగుతాందే! ఎంత గట్టిగా సేయించినాడో సూడండప్పా!" అన్నాడు.

చివరికి మా కులపెద్ద లక్ష్మప్పను కూర్చోబెట్టాను. మా అన్న తన గోడ పక్కన మళ్లీ గుంత పడనివ్వనన్నాడు. పడితే మళ్లీ పీకుతానన్నాడు. కాపలా ఎన్నాళ్లు కాయగలను? లక్ష్మప్ప బుగ్గ నిమురుకుని, "పోనీ, ఏం సేస్తే నీకు నమ్మకం కుదురుతాదప్పా?" అని మా అన్నను అడిగాడు.

"ఎవుడూ తన జాగాలో తనకే సెడుపు సేసుకోడు గదా మామా. సందు నాదైతే, ఉప్పు నా సేత్తో నేనే పోస్తా. అప్పుడు నాకేం బయం ల్యా."

లక్ష్మప్ప అది గొప్ప న్యాయమైనట్టు తల ఊపాడు. నేను ఒప్పుకోనని లేచి నిలబడ్డాను. వాకిట్లోంచి జయమ్మ అరిచింది.

"ఇచ్చేయ్! ఎర్తు పడేదాంక నేను ఆ మోటారు కాడికి రాను. నేను సచ్చినంక సందులో నువ్వొక్కనివే తిరుగుతావా?"

సందు ఆయనకు రాసిచ్చేశాను. వీరభద్రప్ప నిమ్మకాయ కోసి, దండం పెట్టుకుని, తన చేత్తోనే ఉప్పూ బొగ్గూ పోశాడు. రెండిళ్లకూ రెండు పచ్చ తీగలు లాగారు. ఎర్తొక్కటే చాలదని చెప్పి రామాంజి రెండు చోట్లా ట్రిప్పర్లు కూడా బిగించాడు. కరెంటు కొంచెం దారి తప్పినా అవి టక్కున పడిపోతాయి. ఇప్పుడు మా అన్న అరుగు మీద కూర్చుని, ఎర్తు లేని ఇల్లు ఇల్లేనా అని వచ్చేపోయేవాళ్లకు పాఠం చెబుతున్నాడు. జయమ్మ మళ్లీ కండెలు చుడుతోంది. స్టాండును ముందు మడిచిన వేళ్ల వెనక వైపుతో తాకి చూసి, అప్పుడు కూర్చుంటుంది. ఎండాకాలం ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయాలంటే నేను వీరభద్రప్పను అడిగి పోవాలి.

మా తాత నాటి సందు. వెడల్పు మూడడుగులు, పొడవు ఇరవై నాలుగడుగులు. ఎనిమిది చదరపు గజాలు.