తొలి చదువరి

మౌల్మేన్‌లో నది ఒడ్డు రోడ్డు మీద డా ఓన్ ఖైంగ్‌ అనే ఆవిడకి అద్దె పుస్తకాల కొట్టు ఉంది. ఆదివారం పొద్దున్న ఆ కొట్టు ముందు పొట్టి స్టూళ్ళు వేసుకుని నలుగురు కూర్చున్నారంటే చాలు, పక్క హోటలు నుంచి టీ, అందులో ముంచుకు తినే ఈచాక్వేలు అడక్కుండానే వచ్చేస్తాయి. అక్కడ ఒకటే మాట. ఏం చదువుతున్నావు, ఎలా ఉంది, ఎవరు చదవాలి. వరసగా అందరూ చెప్పి తీరాలి. వర్షం గురించో కరెంటు గురించో మాట్లాడబోతే డా ఓన్ ఖైంగ్ ఊరుకోదు.

మోటారు సైకిళ్ళు బాగుచేసే కో చిట్ ఫో ఎప్పుడూ అపరాధ పరిశోధనే చదువుతాడు. "హత్య మొదటి పేజీలోనే అయిపోద్ది పిన్నీ, టైము వేస్టుండదు," అని సిఫార్సు చేస్తాడు. ఆవిడేమో, "నా పుస్తకాల మీద నీ గ్రీజు వేళ్ళు చూస్తే హంతకుడెవరో నాకు ఎప్పుడో తెలిసిపోయింది," అంటుంది.

ఆ కొట్టుకి ఒక పద్ధతి ఉంది. కొత్త పుస్తకం వచ్చిందంటే ముందుగా ఒక మనిషికి వెళుతుంది. ఆయన తొలి చదువరి. చిన్న ప్రెస్సుల్లో అచ్చయిన పుస్తకాల్లో చాలా పేజీలు మడతల దగ్గర అంటుకునే ఉంటాయి. తొలి చదువరి వాటిని బ్లేడుతో విడదీసుకుంటూ చదవాలి. చదివాక చివరి ఖాళీ పేజీలో ఒక్క వాక్యం రాసి సంతకం చెయ్యాలి. తరవాత అద్దెకి తీసుకునేవాళ్ళు అట్ట చూడరు, మొదటి పేజీ చూడరు. తిన్నగా ఆ వాక్యం చూస్తారు.

పదకొండేళ్ళుగా తొలి చదువరి ఊ బో థాంగ్. పోస్టాఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ లుంగీ, జేబులో రెండు పెన్నులు, మనిషిని చూడగానే చదువుకున్నవాడని తెలిసిపోవాలని ఆయన పట్టుదల. వాక్యం రాయడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడే. "అన్నం పొయ్యి మీద పెట్టి ఈ పుస్తకం తెరవకండి, మాడిపోతుంది" అని రాస్తే ఆ పుస్తకం రెండు నెలల పాటు కొట్టుకి తిరిగొచ్చిన పాపాన పోలేదు. అమ్మలక్కలు కొట్లోకి వస్తూనే, "ఊ బో థాంగ్ గారు ఏమన్నారు?" అని అడిగేవారు.

ఆ మాట వినపడ్డప్పుడల్లా ఆయన టీ కప్పులోకి చూసేవాడు. అది వినయం అనుకునేవారు అందరూ. వినయమూ కాదు, పాడూ కాదు. నాలుగేళ్ళుగా ఆయన ఏ పుస్తకమూ పూర్తిగా చదవలేదు.

ఎలా మొదలైందో ఆయనకి గుర్తుంది. ఒక వానాకాలం ఒక లావాటి నవల సగంలో విసుగొచ్చి పక్కన పడేశాడు. ఆదివారం వచ్చేసింది. మొదటి నలభై పేజీలూ చివరి ఇరవై పేజీలూ చూసి ఒక వాక్యం రాశాడు. దాన్ని ఎంత మెచ్చుకున్నారంటే, చదివి రాసిన వాక్యాలకి కూడా అంత పేరు రాలేదు. అంతే, అలవాటైపోయింది. రెండు పేజీలు చదివేసరికి కునుకు పట్టేది. కునుకు పట్టని రోజు పక్కింటి వాళ్ళ రేడియో మీదికి మనసు పోయేది. ఆ సంగతి ఎవరికైనా చెప్పి ఈ పని నాకొద్దు అంటే సరిపోయేది. కానీ ఆ స్టూలు మీద కూర్చోకపోతే తనెవరు? పింఛను పుచ్చుకునే ఒక ముసలాడు. అందుకని చెప్పలేదు.

అలాంటి ఒక ఆదివారం మ యిన్ మ్వే వచ్చింది. గుట్ట మెట్ల దారిలో ఉంటుంది, బట్టలు కుడుతుంది. రెండేళ్ళ క్రితం ఆమె కొడుకు, ఏడేళ్ళ వాడు, రేవు దగ్గర కాలు జారి నదిలో పోయాడు. వాడి పేరు ఫో లోన్. ఆ రోజు నుంచి పేటలో ఎవరూ ఆమె ఎదట ఆ పేరు ఎత్తరు. ఆమె వస్తుంటే పిల్లల మాట ఆపి బట్టల మాట మొదలుపెడతారు. వాళ్ళకి తెలిసిన మర్యాద అది. అంతకు ముందు వారానికి మూడు పుస్తకాలు చదివే మనిషి, ఈ రెండేళ్ళలో కొట్టు గడప తొక్కలేదు.

"రా అమ్మా, కూర్చో," అని స్టూలు లాగింది డా ఓన్ ఖైంగ్.

ఆమె కూర్చోలేదు. తిన్నగా ఊ బో థాంగ్ దగ్గరికి వచ్చి నుంచుంది. "బాబాయ్, నాకో పుస్తకం చెప్పు. ఎవరూ చావనిది."

అందరూ ఒక్కసారి కప్పుల్లోకి చూసుకున్నారు. ఊ బో థాంగ్ ఒళ్ళో ఆ వారమే వచ్చిన కొత్త పుస్తకం ఉంది. "అయిదుగురి పడవ" అని, ఒక రేవు పడవవాడి సంసారం కథ, పల్చటి నవల. మొదటి పేజీల్లో పడవవాడూ పెళ్ళామూ పోట్లాడుకోవడం చదివి ఆయన నిజంగానే నవ్వాడు. చివరి పేజీల్లో అందరూ కలిసి భోజనాలు చేస్తున్నారు. ఆయన వాక్యం కూడా సిద్ధం. "మొదటి నుంచి చివరి దాకా నవ్వే, గుండె బరువుగా ఉన్నవాళ్ళు తప్పక చదవాలి."

ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. "ఎవరూ పోరు కదా బాబాయ్?"

"పోతే నా పేరు బో థాంగే కాదు, పో!" అన్నాడాయన. అలా అన్నందుకు ఆయనకి లోపల చాలా గొప్పగా అనిపించింది కూడా. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తరవాతి ఆదివారం కో చిట్ ఫో వంతు వచ్చింది. చదివిన హత్య గురించి చెప్పడం అయ్యాక, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. "పోయిన వారం బాబాయ్ ఇచ్చింది పడవ నవలే కదా? నేను పని నేర్చుకునేటప్పుడు అది నెలపత్రికలో సీరియల్‌గా వచ్చేది. బాబోయ్, ఆ చిన్న కుర్రాడు ఏట్లో పోయినప్పుడు మా షెడ్డులో అందరం పని ఆపేశాం. మా మేస్త్రీ అయితే మొహం కడుక్కుంటానని వెళ్ళి గంట దాకా రాలేదు."

ఊ బో థాంగ్‌ తాగబోతున్న కప్పు కింద పెట్టేశాడు.

"కుర్రాడు పోవడమేమిట్రా?" అంది డా ఓన్ ఖైంగ్. "మొత్తం నవ్వే అని రాశారుగా అన్నగారు?"

అందరూ ఆయన వంక చూశారు. అప్పుడైనా చెప్పేయొచ్చు. నోరు తెరిచాడు కూడా. "అదీ... మధ్యలో కొంచెం వస్తుంది. మొత్తం మీద చూస్తే నవ్వే," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది. డా ఓన్ ఖైంగ్ ఆయన కప్పులో టీ పోయడం మరిచిపోయింది. ఆవిడ అలాంటివి మరిచిపోయే మనిషి కాదు.

అక్కణ్ణించి లేచి ఊ బో థాంగ్ తిన్నగా గుట్ట మెట్ల దారి పట్టాడు. ఆ పేజీల దాకా ఆమె రాకముందే పుస్తకం లాగేసుకోవాలి. ఇంకెవరికో అర్జంటుగా కావాలని చెప్పొచ్చు. కుట్టుపని తెమలక అసలు తెరిచే ఉండదులే అని కూడా అనుకున్నాడు. ఆమె ఇంటి కిందికి వచ్చేసరికి పైన కుట్టు మిషను చప్పుడు వినపడింది. ఆగడం, నడవడం, మళ్ళీ ఆగడం. ఆ ఆగినప్పుడు ఆమె ఏం చేస్తోంది? దారం ఎక్కిస్తోందా, పేజీ తిప్పుతోందా, కళ్ళు తుడుచుకుంటోందా? ఎక్కాల్సినవి పన్నెండు మెట్లు. ఆయన మూడు ఎక్కి, నాలుగో మెట్టు మీద కాలు పెట్టి, దిగిపోయాడు. మొహం చెల్లలేదు.

ఆ వారం ఆయన ఎలా గడిపాడో ఎవరికీ తెలియదు. అన్నం ముందు కూర్చుంటే ఆమె అడిగిన మాటే చెవిలో పడేది. అంత చిన్న కోరిక. పుస్తకాలు నమలడమే పనిగా పెట్టుకున్నవాణ్ణని ఊరంతా చెప్పుకుంటుంటే, ఎవరూ చావని ఒక్క పుస్తకం వెతికి ఇవ్వలేకపోయాడు. ఇవ్వలేకపోవడం కాదు, చూడనైనా చూడలేదు.

ఆదివారం మానేద్దామనుకున్నాడు. మానేస్తే ఇంకా అనుమానం వస్తుందని వెళ్ళాడు. ఆయన కూర్చున్న కాసేపటికి మ యిన్ మ్వే వచ్చింది, చేతిలో ఆ పుస్తకంతో. అందరిలో పరువు తీస్తుంది, తియ్యనీ, అనుకుని తల దించుకున్నాడు.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "నా వంతు ముందు ఇస్తారా పిన్నీ? మళ్ళీ చెప్పగలనో లేదో."

"చెప్పమ్మా."

"ఈ బాబాయ్ ఇచ్చిన పుస్తకం చదివాను. ఎంత నవ్వానో! ఆ పెళ్ళాం మొగుణ్ణి తెడ్డు పుచ్చుకుని తరిమినప్పుడైతే, పక్కింటామె వచ్చి ఏమైందని అడిగింది. మా ఇంట్లో నవ్వు వినపడి రెండేళ్ళయింది కదా, భయపడినట్టుంది." పుస్తకం మధ్యకి తెరిచింది. "ఇదిగో, ఇక్కడ పదహారు పేజీలు అంటుకునే ఉన్నాయి. ముందూ వెనకా అన్నీ విడదీసున్నాయి, ఇవి మాత్రం మూసున్నాయి. ముందేమో, చిన్నాడు వానలో పడవ వేసుకు పోతాడు. తరవాత పేజీలో ఆ తల్లి నాలుగు కంచాలే పెడుతుంది."

చివరి పేజీల్లో భోజనాలు ఊ బో థాంగ్ కూడా చదివాడు. కంచాలు లెక్కపెట్టాలని ఆయనకి తోచనేలేదు.

"అప్పుడు తెలిసింది, బాబాయ్ కావాలనే కొయ్యలేదని. ఎవరూ చావని పుస్తకం అడిగాను కదా. అలాంటిది ఎక్కడ దొరుకుద్ది? అందుకని వాడు పోయే చోటు మూసేసి ఇచ్చాడు. తను చదవాలి కదా మరి, ఆ ముసలి చూపుతో మడత సందుల్లోంచి తొంగి తొంగి చూసి చదివుంటాడు." ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "ఈ పేటలో నా ఫో లోన్ సంగతి అందరూ మరిచిపోయారనుకున్నాను. పేరు కూడా ఎత్తరు. వాడి గురించి ఒక్క మనిషి ఇంతలా ఆలోచించాడు. ఈ వారం నాకు నిద్ర పట్టింది పిన్నీ."

కో చిట్ ఫో భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "నీకు దణ్ణం బాబాయ్," అన్నాడు. "నేనింకా పోయిన వారం ఏంటేంటో అనుకున్నాను." డా ఓన్ ఖైంగ్ లేచి వచ్చి ఆయన కప్పు నిండా టీ పోసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి.

ఊ బో థాంగ్‌కి తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే భరించేవాడు. పుస్తకం మొహాన కొట్టినా భరించేవాడు. ఇది ఆయన వల్ల కాలేదు. ఆ టీ కప్పు, ఆ దణ్ణం, ఆమె చూపు, ఒక్క క్షణం కూడా మొయ్యలేకపోయాడు.

"నేను చదవలేదు," అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"ఆ పేజీలు నేను చదవలేదు. కొయ్యడానికి బద్ధకించాను. మొదలూ చివరా చూసి రాసేశాను. నాలుగేళ్ళుగా అన్నీ అంతే. నీ కోసం మూయలేదమ్మా. వాడు పోతాడని నాకు తెలియనే తెలియదు."

చెప్పేశాక ఆయనకి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. నిజం చెప్పానన్న హాయి. అది ఆమె మొహం చూసేదాకానే.

ఆమె ఏడవలేదు. కోపంగా కూడా చూడలేదు. అప్పటిదాకా ఆ మొహంలో ఉన్నదేదో మెల్లగా పోయింది, అంతే. "ఇది చెప్పకుండా ఉండాల్సింది బాబాయ్," అంది. "నీకు బరువు దిగింది. నాకేం మిగిలింది?"

కో చిట్ ఫో ఏదో అనబోతే డా ఓన్ ఖైంగ్ చెయ్యెత్తి ఆపింది.

మ యిన్ మ్వే ఒళ్ళో ఉన్న పుస్తకం కాసేపు చూసింది. "పిన్నీ, బ్లేడుందా?"

"ఇప్పుడెందుకు తల్లీ? వద్దులే."

"నా కోసం ఎవరూ మూయలేదుగా. తెరిస్తే ఏం?"

బల్ల సొరుగులో బ్లేడు ఆమే తీసుకుంది. బట్టలు కోసే చెయ్యి కదా, కాగితం ఎక్కడా చిరగలేదు. ఒక్కొక్క మడతా విడదీసి, గుమ్మానికి ఆనుకుని నుంచుని చదవడం మొదలుపెట్టింది. స్టూళ్ళ మీంచి ఎవరూ లేవలేదు. ఊ బో థాంగ్ తల ఎత్తలేదు. పేజీ తిరిగిన చప్పుడు, మళ్ళీ చాలాసేపటికి ఇంకో పేజీ. కప్పులో టీ చల్లారి మీద మీగడ కట్టింది. పదహారు పేజీలు చదవడానికి ఎంతసేపు పడుతుందో ఆ పొద్దున్న ఆయనకి తెలిసింది.