రెండు కంపెనీల నిప్పు

గ్రీష్మము నలుదిక్కుల తన ప్రతాపమును నెలకొల్పి దినము మొదటి జాము గడవకమున్నె నాపరాతిగనుల తెల్లని ధూళిని కాచి గాలి కెగురవేయుచు బాటప్రక్క తుమ్మచెట్ల నీడలను సయితము వాని మొదళ్ళవైపునకు ముడుచుచుండ, తాడిపత్రి పట్టణమున ఓబులాచారి యను కారుమెకానిక్కు తన పాతకారును ముంగిటి పందిరి క్రింద నిలిపి బానెట్టు పైకెత్తి యింజను శబ్దమును తలవంచి యాలకించుచుండెను.

అతని భార్య వీరనాగమ్మ చేతిసంచితో గుమ్మమున నిలిచి యా పరీక్ష ముగియుటకై యెదురుచూచుచుండెను. అనంతపురపు టాసుపత్రిలో అవసానదశలోనున్న యామె యక్క కాళమ్మ “నాగిని పిలిపింపుడు, దానితో నొకమాట చెప్పవలెను” అని యా యుదయమే కబురంపెను. తొమ్మిదేండ్ల క్రిందట నొక పెండ్లిపందిటిలో కాళమ్మ పదిమంది యెదుట “మా మరిది యొకని కాలు కోసి వేరొకని కతికించు వైద్యుడు, రోగి నడచునో లేదో మాత్రము అడుగరాదు” అని నవ్వినది మొదలు అక్కచెల్లెండ్రకు మాటలు లేవు.

ఆ పరిహాసము నిరాధారము గాదు. ఈ నడుమనే యా పాతకారులో నిప్పురవ్వను బుట్టించు కాయిలును దానికి కరెంటును విడుచుచు నాపుచు నుండు మాడ్యూలను చిన్నపెట్టెయు పాడైపోగా, కారు చేసిన కంపెనీవారు వానిని చేయుట మానియుండుటచే, ఓబులాచారి యొక కంపెనీ కాయిలును మరియొక కంపెనీ మాడ్యూలును దెచ్చి తీగలు గలిపి పొదిగియుండెను. ఆ కాయిలు కరెంటును మిక్కుటముగ లాగునది, ఆ మాడ్యూలు దాని నదుపుచేయ నేరనిది. అందుచే చిన్నపెట్టె లోలోన గాగి యింజను నార్పివేయును. ముప్పదియేండ్లుగా ప్రతి యింజనును బానెట్టెత్తి నీడలో పావుగంట నడిపి సరియనుటయే గాని మూసి యెండలో దూరము నడిపి చూచుట యెరుగని యతని కీ సంగతి తెలియదు.

“ఏమండీ, బస్సునకు పోవుదము.”

“మీ యక్క కిటికీలోనుండి చూచునట్లు ఈ కారునే యాసుపత్రి వాకిట నిలిపెదను. ఎక్కవే.”

“ఆమెకు కన్ను దెరచుటయే కష్టముగ నున్నదట, కారును జూచునా?”

“చప్పుడైనను వినును.”

పండ్రెండుమైళ్ళు సుఖముగ సాగిన యా వాహనము ఒక్కమారుగా మూగవోయెను. ఓబులాచారి బానెట్టెత్తి మాడ్యూలును ముట్టి చేయి కాలి వెనుకకు దీసికొనెను. అంతలో అనంతపురపు బస్సు దుమ్మురేపుచు వచ్చుట జూచి వీరనాగమ్మ చేయెత్తగా బస్సు నిలిచెను.

“చేయి దింపవే! తడిగుడ్డ వేసితిని, చల్లారగనే యీ బస్సునే దాటిపోవుదుము.”

“ఎక్కెదవా అమ్మా, మీ యాయనకు గొడుగు పట్టెదవా?” అని కండక్టరు తొందరించెను.

ఆమె మగని మొగమువంక జూచెను. అందు కోపము లేదు. కాపురమున నెన్నడును జూడని బ్రతిమాలుకొనుట యున్నది. ఆమె చేయి దింపెను. బస్సు పోయెను.

కొంతసేపటికి ఇంజను మేలుకొని నాలుగుమైళ్ళు నడచి చెట్టైన లేని బయట మరల నారిపోయెను. మరియొక బస్సు మధ్యాహ్నము వరకు లేదు. లారీలకు చేతులెత్తిరి గాని యేదియు నిలువలేదు. అప్పుడు ఫోను మ్రోగెను. కాళమ్మ కుమారుడు.

“చిన్నమ్మా, అమ్మ పోయినది. నాగి వచ్చెనాయని కడవరకు నడిగినది.”

“ఏమి చెప్పవలెనన్నది నాయనా?”

“మేమడిగితిమి. మీకు గాదు, దానికే యన్నది.”

భార్య నోట విన్న యా యొక్క ప్రశ్నయే ఓబులాచారికి సర్వమును దెలిపెను. ఏమి చేయవలయునో తోచక, ఏదో యొకటి చేయకయు నుండలేక, అతడు తాళము త్రిప్పెను. చల్లారిన యింజను తొలిత్రిప్పునకే యందుకొనెను. ఆ ధ్వనియందు లేశమైనను దోషము లేదు.

అతడు తలుపు తెరచి పట్టుకొని నిలిచెను. వీరనాగమ్మ యా తెరచిన తలుపును దాటి, పందొమ్మిదిమైళ్ళ దూరమున నున్న అనంతపురమువైపు, ఎండలో నడువసాగెను.