రెండో తొట్టి

తెల్లారగానే చిన్నమ్మ చేసే మొదటి పని తొట్లు కడగడం. పీచుతో అడుగు దాకా రుద్ది, నిన్నటి జిగురు పోయేవరకు నీళ్ళు కొట్టి, దాణా కలిపి ఒక్కో ఆవు ముందు ఒక్కో తొట్టి పెట్టేది. చివర కట్టేసిన పెయ్య ముందు మాత్రం రెండు పెట్టేది. ఒకటి పెయ్యకి, రెండోది దాని తమ్ముడికి. ఇద్దరూ కవలలు. తమ్ముడు చచ్చిపుట్టాడు. అయినా చిన్నమ్మ నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తే చాలు, పక్క తొట్టిలో దాణా కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి అడుగు నాకిన చప్పుడు వినబడేది. తవుడు తక్కువైతే ముట్టడని ఇంట్లో అందరికీ తెలుసు.

"దర్జాగా తినడం ఒక్కటే. వీడి వల్ల కొట్టానికి పూచికపుల్లంత లాభం లేదు" అని ఆమె అన్న విసుక్కునేవాడు.

ఆ మాటలో సగం చిన్నమ్మకీ తగిలేది. పిల్లలు పుట్టలేదని అత్తింటివాళ్ళు తిప్పి పంపిన దగ్గర్నుంచి ఆమె అన్న కొట్టంలో పాలు పితుకుతోంది. జుట్టు కూడా ఇక్కడే నెరిసింది. పంపేటప్పుడు వాళ్ళు, మమ్మల్ని మోసం చేశావన్నారు. ఏం మోసం చేసిందో ఆమెకి తెలియదు. చేసే ఉంటానని మాత్రం నమ్మింది. అందుకే ఈ ఇంట్లో ఎవరేం చెప్పినా నోరెత్తేది కాదు.

చిన్నప్పుడు, ఈడొచ్చినా నెలసరి రాలేదని అమ్మ ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఏవో పరీక్షలు చేశారు. డాక్టరు అమ్మని లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడు. చిన్నమ్మ బయట బల్ల మీద కూర్చుంది. బయటికొచ్చాక అమ్మ "బలం లేదట, అంతే" అంది. అంతటితో ఆ సంగతి మూతపడింది.

పెయ్య ఈడు దాటిపోతున్నా ఎదకు రాలేదు. పశువుల డాక్టరు ఓసారి రక్తం తీసుకుపోయి, ఫలితంతో మళ్ళీ వచ్చాడు.

"ఇది కవలపిల్లా?" అన్నాడు.

"అవునండి. రెండోది కోడె. చచ్చిపుట్టింది" అన్నాడు అన్న.

"ఆ ముక్క మొదటే చెప్పాలి కదయ్యా. పుట్టినరోజే తేల్చేసేవాణ్ణి."

"చచ్చినవాడి ఊసు మీకెందుకనుకున్నాం."

"మరి ఈ రెండో తొట్టి ఎవరికి?"

"వాడికేనండి."

డాక్టరు తలూపి, తొట్టికి అడ్డం రాకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు. ఆడా మగా కవలలైతే ఆవు కడుపులో రెండింటి మాయలూ కలిసి, ఒకదాని రక్తం ఇంకోదానికి పారుతుందని చెప్పాడు. తమ్ముడి క్రోమోజోములు ఇప్పటికీ దీని రక్తంలో తిరుగుతున్నాయి. అందుకే లోపల గర్భసంచి ఎదగలేదు.

"ఇది ఈనదు. మా పశువుల ఫారంలో అయితే ఇలాంటివాటికి సూదులేసి, ఎదకొచ్చిన ఆవుల్ని పసిగట్టే పనికి పెట్టేవాళ్ళం. సాకే మనిషి దొరక్క మానేశాం. ఇస్తానంటే ఉంచుకుంటాను, ధర మాత్రం ఇవ్వలేను."

"ఊరికే ఇచ్చేకంటే కసాయికి ఇస్తే నయం" అన్నాడు అన్న.

డాక్టరు చేతులు కడుక్కుంటుంటే చిన్నమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. అడగనా వద్దా అని తటపటాయించి, ఆఖరికి అడిగేసింది.

"మనుషుల్లో కూడా ఉంటుందా డాక్టరుగారూ, ఇలా?"

"అచ్చం ఇలాగే కాదు. కానీ పైకి నిండుగా ఆడమనిషే అయి, మగవాళ్ళ క్రోమోజోములతో పుట్టేవాళ్ళున్నారమ్మా. వాళ్ళకి సంచి ఉండదు, నెలసరి రాదు."

"వాళ్ళేం తప్పు చేస్తే అలా పుడతారు?"

డాక్టరు చేతులు తుడుచుకోవడం ఆపాడు. "ఇందులో తప్పేముంది తల్లీ. పుట్టకముందే జరిగిపోయేది" అన్నాడు.

ఆ వారంలోనే కసాయి వ్యాను వచ్చింది. కసాయి మాట మీద నిలబడే మనిషి. పశువుని బండెక్కించాక డొక్క మీద అరచెయ్యి వేసి ఊపిరి చూసుకోవడం అతని అలవాటు. పెయ్య గొడవ చెయ్యకుండా చెక్క మీదుగా ఎక్కింది. అతను చెయ్యి వేసి, ఇంకో పక్కకి జరిపి, మొహం చిట్లించాడు.

"ఇక్కడ రెండు ఊపిర్లు ఆడుతున్నాయి. నేను మాట్లాడుకుంది ఒక్కదానికే. మాట్లాడుకోనిదాన్ని నేను కొయ్యను. రెండోవాణ్ణి దింపండి."

అన్న చెల్లెలి వైపు తిరిగాడు. "పిలువు చిన్నమ్మా. నీ మాటకైతేనే దిగుతాడు."

చిన్నమ్మ చేతిలో దాణా తొట్టి ఉంది. వాడు దిగితే పెయ్య కత్తికి పోతుంది. నాలుక అంగిటికి ఆనించింది కానీ చప్పుడు చెయ్యలేకపోయింది.

అరుగు మీంచి అమ్మ అంది: "పిలవ్వే. ఎటూ ఈననిదేగా."

చిన్నమ్మ తొట్టి కింద పెట్టింది.

"అమ్మా, ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు నీతో ఏమన్నాడు?"

"ఏ రోజు?"

"నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టిన రోజు."

"ఇప్పుడెందుకే అదంతా, పరాయి మనిషి ముందు."

పరాయి మనిషి మర్యాదగా వ్యాను టైరు చూసుకోవడానికి వంగాడు. అమ్మ కొంగు అంచు నలుపుతూ చెప్పింది.

"లోపల సంచి లేదన్నాడు. క్రోమోజోములు మగవాళ్ళవన్నాడు. పెళ్ళి చేసినా పిల్లలు పుట్టరన్నాడు."

"పెళ్ళికి ముందే తెలుసన్నమాట."

"చెబితే నిన్నెవరు చేసుకుంటారే?"

"ఎవరూ చేసుకోకపోదురు. ఇక్కడే ఉండేదాన్ని. దొంగలా కాదమ్మా, కూతురిలా ఉండేదాన్ని."

అమ్మ ఏడ్చింది. చిన్నమ్మకి జాలి వేసింది, ఆ జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరు కసిరినా తలొంచుకున్నది ఈ అబద్ధానికా అనుకుంది.

"అయిపోయినవి తవ్వుకుని ఏం లాభం? ముందు వాణ్ణి పిలువు" అన్నాడు అన్న.

"పిలవను."

ఆమె నోట ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. కసాయి పెయ్యని దింపాడు. పగ్గం ఎవరికివ్వాలో తోచక, దగ్గరగా ఉన్న చిన్నమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"నా కొట్టంలో ఇక దీనికి గడ్డిపోచ కూడా వెయ్యను" అన్నాడు అన్న.

"వెయ్యొద్దులే. మేం ఫారానికి పోతున్నాం. అక్కడ సాకే మనిషి కావాలట."

రెండు చీరలు సంచిలో కుక్కుకుని వచ్చింది. అమ్మ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. చిన్నమ్మ పెయ్యకి ఎడమవైపు నడిచింది. కుడివైపు ఇంకొకరు నడిచేంత చోటు వదిలింది. పాల వేళయిందని వెనక కొట్టంలో ఆవులు అరవడం మొదలుపెట్టాయి. ఆమె వేళ్ళు అలవాటుగా ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి, మళ్ళీ ముడుచుకున్నాయి. వాటిని అలాగే పగ్గం చుట్టూ బిగించి, ఆమె నడుస్తూ పోయింది.