ఆర్చి మీద మనిషి

పండగ ఆర్చి నిలబెట్టిన పొద్దున, మా పక్కింటి వదిన దాని కింద తలెత్తి చూస్తూ నిలబడిపోయింది. ఆర్చికి కట్టిన ఫ్లెక్సీ మీద పసుపు హెల్మెట్లు పెట్టుకుని ఇద్దరు కార్మికులు నవ్వుతున్నారు. పైన ఫ్యాక్టరీ పేరు. కింద 'మా కార్మికులే మా కుటుంబం' అని పెద్దక్షరాలు. ఆ ఇద్దరిలో ఒకడు వదిన మొగుడు, వెల్డరు.

పోయిన చలికాలం డ్యూటీకని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఫ్యాక్టరీలో అడిగితే, అలాంటివాడు మా గేటే తొక్కలేదు పొమ్మన్నారు. ఎవర్తెనో తీసుకుని పోయుంటాడు, వెతుక్కోమన్నారు. శవం లేదు. ఏడిస్తే మొగుణ్ణి తనే చంపుకున్నట్టు, ఏడవకపోతే లేచిపోయినవాడి పెళ్ళామైనట్టు. వదిన ఏడవలేదు. గోడకివతల మిషన్ కుట్టుకునే నాకు ఆవిడ అతనితో మాట్లాడటం వినిపించేది. ఒక్కోసారి అతని జవాబు కోసం నేనూ మిషన్ ఆపేదాన్ని.

సాయంత్రం ఆర్చి కిందే మీటింగయింది. చింపి పారేద్దామన్నారు లోడింగ్ పనివాళ్ళు. పండగ కమిటీ పెద్ద, కిరాణా తాత అడ్డం పడ్డాడు.

"ఆగండ్రా. లైట్లు వాళ్ళవి, మైకు వాళ్ళది, స్టేజీ వాళ్ళది. ఊరికే వచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెడతామా?"

"ఆవు కాదు తాతా, పులి. ఇప్పటికే ఒకణ్ణి మింగింది," అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"చింపకండి," అంది వదిన. "నా మొగుడు వాళ్ళ గేటే తొక్కలేదన్నారుగా. మరి ఎక్కడ నిలబడి నవ్వుతున్నాడు?"

అందరం మళ్ళీ తలెత్తాం. అతని వెనక కొలిమి ఎర్రగా మండుతోంది.

ఫొటోలో రెండోవాడు క్రేను ఆపరేటరు. మా వీధివాడే. ఇన్నాళ్ళూ వదిన ఎదురైతే సందు మారేవాడు. ఇప్పుడు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆవిడ ముందు కూలబడ్డాడు.

"హెల్మెట్లు, నడుం బెల్టులు ఫొటో కోసం ఇచ్చారు చెల్లెమ్మా. ఫొటో అవగానే లాక్కున్నారు. ఆ మధ్యాహ్నమే బెల్టు లేకుండా కొలిమి పైకెక్కాడు. కాలికింద రేకు జారింది. నోరు విప్పితే నీ పనీ ఉండదన్నారు. పిల్లల్ని చూసి నోరు మూసుకున్నా."

"నొప్పి తెలిసిందంటావా అన్నయ్యా?"

అతను తల దించుకున్నాడు.

సంగతి ఫ్యాక్టరీకి చేరింది. మర్నాడు ప్రచారం ఆఫీసరు నిచ్చెనతో, కొత్త ఫ్లెక్సీతో దిగాడు. అందులో ఒక పసిపాప నవ్వుతోంది.

"ప్రింటింగులో పొరపాటండీ. మార్చేస్తాం, అంతే."

నిన్న చింపుతామన్న లోడింగ్ వాళ్ళే ఆర్చి స్తంభాలను వాటేసుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళం నిచ్చెన మీద కూర్చున్నాం.

"అయితే లైట్లన్నీ ఊడబీక్కుపోతాం," అన్నాడు ఆఫీసరు, తాతవైపు చూస్తూ.

తాత మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు. "పీక్కుపో నాయనా. చీకటి మాకేం కొత్త కాదు."

జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు లాఠీతో ఆర్చి చూపించాడు. "కంపెనీ సొత్తు. ఆపడానికి మీరెవరు?"

"ఫ్లెక్సీ వాళ్ళది. మనిషి నావాడు," అంది వదిన.

చూసింది చెబుతానని ముందుకొచ్చిన క్రేను ఆపరేటరు మాట పూర్తవకుండానే అతన్ని కాలరు పట్టి జీపెక్కించారు. వదిన వెళ్ళి జీపు చక్రాల ముందు కూర్చుంది. కూర్చుని, ఇన్ని నెలలూ దాచుకున్న ఏడుపు ఏడ్చింది. పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. తాత కూర్చున్నాడు. వీధంతా కూర్చుని ఏడ్చింది.

మిత్రులారా, ఏడుపు చేతకానివాళ్ళ పనని మీకెవరైనా చెబితే నమ్మకండి. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అవతల షిఫ్టు సైరన్ మోగింది. మోగి మోగి అదే ఆగిపోయింది. ఒక్కరూ లేవలేదు.